ఏలియన్‌వేర్ ఎం11ఎక్స్‌లో హైబ్రిడ్ డ్రైవ్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

స్కైరిమ్ ఆడినవాళ్లకి తెలుసు, ఆ ఆటలో ప్రతి తలుపు వెనకా ఒక లోడింగ్ స్క్రీన్ ఉంటుంది. ఊళ్లోకి అడుగుపెడితే ఒకటి, కొట్లోకి వెళ్తే ఒకటి, సరుకు అమ్మేసి బయటికొస్తే ఇంకొకటి. తెర మీద ఏదో ఒక బొమ్మ వచ్చి నిలబడుతుంది, మౌస్‌తో దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చోవాలి. నా ఎం11ఎక్స్ లాప్‌టాప్‌లో పాత 5400 ఆర్‌పీఎం (నిమిషానికి 5400 సార్లు తిరిగే) హార్డ్ డిస్క్ ఉన్నన్నాళ్లూ ఆట కంటే ఈ ఎదురుచూపే ఎక్కువ అలసట తెప్పించేది. ఆ బాధని తీర్చింది సీగేట్ మొమెంటస్ ఎక్స్‌టీ అనే హైబ్రిడ్ డ్రైవ్. అందుకే దాని మీద నాకు ఇంత ఇష్టం.

లాప్‌టాప్ గురించి ఎక్కువ చెప్పను. 11.6 అంగుళాల తెర, రెండు కిలోల బరువు, అందులోనే ఎన్‌విడియా జీటీ 335ఎం గ్రాఫిక్స్ చిప్. 2010లో ఇంత చిన్న డబ్బాలో ఆటలాడే గ్రాఫిక్స్ అంటే గొప్ప విషయమే. అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిచ్చాడు. హార్డ్ డిస్క్ మార్చాలని నేననుకున్నప్పుడు, "ఒరేయ్, దాంట్లో డిస్క్ పెట్టడానికి ఒకటే చోటుంది, అది గుర్తుపెట్టుకుని కొను" అన్నాడు. మామూలు లాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ పీకేసి, ఆ ఖాళీలో క్యాడీ (డిస్క్ పట్టే చట్రం) పెట్టి రెండో డిస్క్ బిగించేవాళ్లు. ఎం11ఎక్స్‌లో అసలు డీవీడీ డ్రైవే లేదు. కాబట్టి విండోస్‌కి చిన్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌ల మీదే నడిచే, వేగమైన డిస్క్), ఆటలకి పెద్ద హార్డ్ డిస్క్ అనే దారి నాకు మూసుకుపోయింది.

పైగా అది 2012. అంతకు ముందు ఏడాది థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగాయి, ప్రపంచమంతా డిస్కుల ధరలు ఒక్కసారిగా పెరిగాయి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సీటీసీలో ఏ షాపులో అడిగినా పాత రేటు వినిపించలేదు. అయినా సరే, నా దగ్గరున్న డబ్బుకి ఎస్‌ఎస్‌డీ తీసుకుంటే విండోస్, రెండు ఆటలు పట్టేంత చోటే వస్తుంది. నాకది కుదరదు. మా ఇంట్లో నెట్ అప్పట్లో బీఎస్‌ఎన్‌ఎల్, రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత డౌన్‌లోడ్ చేసుకున్నా లెక్కలోకి రాని ప్లాన్. ఆరు జీబీల ఆట ఒకటి దిగాలంటే చాలా రాత్రులు పట్టేది. అంత కష్టపడి దించుకున్నదాన్ని చోటు చాలక తీసేయడానికి మనసొప్పుతుందా? 500 జీబీ కావాల్సిందే, వేగమూ కావాలి. అందుకే హైబ్రిడ్.

లోపల జరిగేది ఇదీ. మామూలు 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కే, దానికి తోడు 4 జీబీ ఫ్లాష్ మెమరీ. మనం దేన్ని మళ్లీ మళ్లీ చదువుతున్నామో డ్రైవే గమనించి, ఆ భాగాల కాపీని ఫ్లాష్‌లో ఉంచుకుంటుంది. కిరాణా కొట్టాయన రోజూ అడిగే సరుకుని కౌంటర్ పక్కనే పెట్టుకుని, మిగతా బస్తాలు లోపలి గదిలో ఉంచుకున్నట్టే. దీనికి డ్రైవర్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, విండోస్‌కి దీని సంగతే తెలియదు. 2007లో వచ్చిన మొదటి తరం హైబ్రిడ్ డ్రైవ్‌లు విండోస్ విస్టా సాయం మీద ఆధారపడ్డాయి, ఫ్లాష్ కూడా 256 ఎంబీ లాంటి చిన్న సైజులే. అవి ఎవరికీ పెద్దగా ఉపయోగపడలేదు. 2010లో వచ్చిన ఈ మొమెంటస్ ఎక్స్‌టీ ఎవరి సాయమూ అడగకుండా తన పని తాను చేసుకుంది. నాకు నచ్చిన తెలివి అదే.

ఇంకో మంచి సంగతి, డ్రైవ్‌కి ఫైళ్లతో పని లేదు, బ్లాకులతోనే (డిస్క్ మీద డేటా ఉండే చిన్న చిన్న ముక్కలతోనే) పని. స్కైరిమ్ బొమ్మలు ఒక్కోటీ విడిగా కాకుండా, పెద్ద ఆర్కైవ్ ఫైళ్లలో కలిపి ఉంటాయి. అలాంటి ఫైళ్లని మొత్తంగా ఫ్లాష్‌లోకి ఎక్కిస్తే చోటు త్వరగా నిండిపోతుంది. డ్రైవ్ మాత్రం ఆ ఫైళ్లలో నేను తరచూ చదివే ముక్కల్ని మాత్రమే ఏరుకుంటుంది. 4 జీబీ అంటే చిన్నదే, కానీ ఇలా వాడితే అది చాలా దూరం వస్తుంది.

బిగించడం తేలిక. కింది మూత స్క్రూలు విప్పితే డిస్క్ ఎదురుగానే ఉంటుంది. పాత డిస్క్‌ని క్లోన్ చేసి (అంతా ఉన్నదున్నట్టు కాపీ చేసి) కొత్తది పెట్టాను, విండోస్ 7 ఏమీ అడగకుండా లేచింది.

మొదటి రోజు తేడా కొంచెమే. మొదటిసారి వైట్‌రన్ ఊళ్లోకి వెళ్లినప్పుడు పాత డిస్క్ కంటే కాస్త త్వరగా వచ్చింది, అంతే. రెండోసారి ఇంకాస్త. ఆ తర్వాత ఒక సాయంత్రం నా ఇంటి తలుపు తీశాను, లోడింగ్ బొమ్మ కనిపించింది, దాన్ని తిప్పుదామని మౌస్ కదిపేలోపే ఇంట్లో ఉన్నాను. మళ్లీ బయటికొచ్చి, కొట్టుకి వెళ్లి, వెనక్కొచ్చి చూశాను. అన్ని తలుపులూ అలాగే. నేను రోజూ తిరిగే దారులన్నీ ఆ డ్రైవ్ నేర్చేసుకుంది. ఎప్పుడూ వెళ్లని గుహలోకి వెళ్తే మాత్రం పాత ఆలస్యమే. ఆ సంతోషం ఎంతంటే, సామాను అమ్మే పని లేకపోయినా ఊళ్లోకి వెళ్లొచ్చేవాణ్ణి.

ఇక అసలు కథ. కొన్ని వారాలు బాగా నడిచాక, ఉన్నట్టుండి డ్రైవ్ అన్నీ మర్చిపోయినట్టు ప్రవర్తించింది. వైట్‌రన్ తలుపుల దగ్గర మళ్లీ అదే బొమ్మ, అదే ఎదురుచూపు. విండోస్ లేవడం కూడా నెమ్మదించింది. రెండు మూడు రోజులు ఆడితే మళ్లీ దారికొచ్చింది, తర్వాత మళ్లీ మొదటికి. నాకు టెన్షన్ పట్టుకుంది. ఫ్లాష్ పాడైపోతోందేమో అనుకున్నాను. స్మార్ట్ రీడింగ్ (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చూస్తే అంతా ఆరోగ్యంగానే ఉంది. చిన్న లాప్‌టాప్ కదా, వేడికేమో అని కింద ఎత్తు పెట్టి, ఫ్యాన్ కింద కూర్చుని ఆడాను. తేడా లేదు. యాంటీవైరస్ స్కాన్ ఆపి చూశాను. అదీ కాదు.

అన్నయ్యకి ఫోన్‌లో చెప్తే ఒకే ప్రశ్న అడిగాడు: "ఏ రోజున నెమ్మదిస్తోందిరా?" నేనెప్పుడూ ఆ వైపు ఆలోచించలేదు. గుర్తు చేసుకుంటే శనాదివారాల్లో ఎప్పుడూ బాగానే ఉంటోంది. బుధవారం సాయంత్రం కూర్చుంటే బండి మొరాయిస్తోంది. "అయితే మంగళవారం రాత్రి ఏదో నడుస్తోంది, చూడు" అన్నాడు.

చూస్తే డీఫ్రాగ్, అంటే డిస్క్‌లో చెల్లాచెదురైన ఫైళ్లని సర్దే పని. విండోస్ 7లో డిఫాల్ట్‌గా ప్రతి మంగళవారం అర్ధరాత్రి దాటాక, అంటే బుధవారం మొదలైన ఒంటిగంటకి, డీఫ్రాగ్ షెడ్యూల్ అయి ఉంటుంది. మామూలు ఇళ్లల్లో ఆ వేళకి లాప్‌టాప్ ఆపేసి ఉంటారు. నాది మాత్రం రాత్రి రెండింటికి మొదలయ్యే డౌన్‌లోడ్ కోసం చార్జర్ పెట్టి, ఆన్‌లోనే, ఖాళీగా ఉండేది. డీఫ్రాగ్‌కి అంతకంటే అనువైన సమయం ఉండదు. పైగా రోజూ డౌన్‌లోడ్లు, ఆటల అప్‌డేట్లు, 2012 ఆగస్టులో స్కైరిమ్‌కి డాన్‌గార్డ్ అనే అదనపు భాగం వచ్చాక ఇంకా కొన్ని. నా డిస్క్‌లో సర్దడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది.

డీఫ్రాగ్ చేసేది ఫైల్ ముక్కల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడం. డ్రైవ్ గుర్తుపెట్టుకునేది ఫైల్‌ని కాదు, బ్లాక్ ఉన్న చోటుని. ఫైల్ చోటు మారితే, అది నేర్చుకున్నదానికి విలువ పోతుంది. కొత్త చోటుని మళ్లీ రెండు మూడుసార్లు చదివితే గానీ ఫ్లాష్‌లోకి రాదు. ఇందులో ఎవరినీ తప్పు పట్టను. మామూలు హార్డ్ డిస్క్‌కి డీఫ్రాగ్ మంచిదే, విండోస్ దాన్ని మామూలు డిస్క్‌గానే చూస్తోంది, డ్రైవ్ కూడా తన పని తాను సరిగ్గానే చేస్తోంది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఏ సాయమూ అక్కర్లేని ఆ తెలివినే పైన మెచ్చుకున్నాను, దానికి ఇంకో వైపు ఇదీ.

షెడ్యూల్ ఆపేశాను. ఆ తర్వాత బుధవారాలు కూడా మిగతా రోజుల్లాగే గడిచాయి. డీఫ్రాగ్ పూర్తిగా మానేయలేదు, లోపల తిరిగేది హార్డ్ డిస్కే కదా. ఒక ఆట అయిపోయి తీసేసినప్పుడు, కొత్తది దించుకున్నాక, చేత్తో ఒకసారి నడిపేవాణ్ణి. ఎలాగూ కొత్త ఆటకి అది మొదటి నుంచి నేర్చుకోవాలి కాబట్టి నష్టం లేదు.

మొదట్లో స్నేహితులతో "ఎస్‌ఎస్‌డీకి ఏం తక్కువ కాదు" అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అలాగే అనను. నాకు కనిపించిన తేడాలో కొంత భాగం 5400 నుంచి 7200కి మారడం వల్ల వచ్చిన వేగమే. పెద్ద ఫైళ్లు కాపీ చేసినా, జిప్ విప్పినా, ఆట ఇన్‌స్టాల్ చేసినా ఫ్లాష్ వల్ల ఏ లాభమూ లేదు, అది చదవడానికే పనికొస్తుంది, రాయడం నేరుగా డిస్క్ మీదకే. (దీనివల్ల కరెంటు పోయినా, బ్యాటరీ అయిపోయినా ఫ్లాష్‌లో ఇరుక్కుని పోయే డేటా ఏమీ ఉండదు. మా వీధిలో వేసవి కోతలు తెలిసినవాడిగా ఇది నాకు ధైర్యాన్నిచ్చింది.) ఒకే ఆట ఆడినన్నాళ్లు అద్భుతం. రెండు పెద్ద ఆటలు రోజు మార్చి రోజు ఆడితే 4 జీబీ ఎటూ చాలదు, ఒకదాని కోసం ఇంకోదాన్ని మర్చిపోతుంది. చేయి ఆనించే చోట సన్నటి అదురు కూడా పాత డిస్క్ కంటే ఎక్కువ. టైప్ చేస్తూ గంటల తరబడి కూర్చుంటే తెలుస్తుంది.

కొన్నేళ్ల తర్వాత ఎస్‌ఎస్‌డీ ధరలు దిగాక అదే లాప్‌టాప్‌లో ఒకటి పెట్టాను. విండోస్ లేవడం, ప్రోగ్రాములు తెరుచుకోవడం అంతా మారిపోయింది, అదురు లేదు, చప్పుడు లేదు. కానీ వైట్‌రన్ తలుపుల దగ్గర మాత్రం నేను ఊహించినంత తేడా రాలేదు. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది తక్కువ కరెంటుతో నడిచే కోర్ 2 డుయో ప్రాసెసర్. డిస్క్ ఎంత త్వరగా ఇచ్చినా, వచ్చినదాన్ని విప్పి సర్దుకోవడానికి ప్రాసెసర్‌కి దాని సమయం దానికి పడుతుంది. అంటే ఆ ఒక్క ఆట వరకు, నేను రోజూ తిరిగే ఆ దారుల వరకు, హైబ్రిడ్ డ్రైవ్ దాదాపు చివరి దాకా తీసుకెళ్లిందన్నమాట. నిజంగా ఆశ్చర్యపోయాను.

కాబట్టి ఇది మంచి కొనుగోలేనా అంటే, నాకు అవును. ఒకటే డిస్క్ పట్టే లాప్‌టాప్, నెమ్మది నెట్, ఒకసారికి ఒకే ఆటని నెలల తరబడి ఆడే అలవాటు, వరదల తర్వాతి ధరలు, ఇవన్నీ ఒకేసారి కలిశాయి కాబట్టి. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా సమాధానం మారొచ్చు. వీడియో ఎడిటింగ్ చేసే మా బావగారికి అప్పుడే వద్దని చెప్పాను, ఆయన పనిలో ఒకసారి చదివిన ఫైల్ మళ్లీ చదివేది తక్కువ. 2013 తర్వాత వచ్చిన లాప్‌టాప్ హైబ్రిడ్‌లలో ఫ్లాష్ 8 జీబీ అయింది గానీ డిస్క్ వేగం 5400కి దిగింది. అవి నేను వాడలేదు, కాబట్టి నా మెప్పు వాటికి వర్తిస్తుందని అనుకోకండి. ఈరోజు కొత్తగా కొనేవాళ్లయితే నేరుగా ఎస్‌ఎస్‌డీ తీసుకోండి, ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

ఇంట్లో పాత లాప్‌టాప్‌లోనో, పీఎస్4లోనో హైబ్రిడ్ డ్రైవ్ ఉన్నవాళ్లు మాత్రం మొదటి రోజు వేగం చూసి తీర్పు చెప్పకండి. ఆడే ఆటనే నాలుగు రోజులు ఆడి చూడండి. విండోస్ అయితే డీఫ్రాగ్ షెడ్యూల్ తెరిచి, అది ఏ రోజు, ఏ వేళకి పెట్టి ఉందో ఒకసారి చూసుకోండి.