బియోవుల్ఫా, మాల్డన్ యుద్ధమా: అసలు వీరత్వం ఎందులో ఎక్కువ?

ఆంగ్లో సాక్సన్ల (వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండ్ జనం) వీరకావ్యాలు అనగానే అందరూ బియోవుల్ఫ్ పేరే చెప్తారు. తప్పేం లేదు, 3182 పాదాలు, నరమాంసం తినే రాక్షసుడు, వాడికో తల్లి, చివర్లో నిప్పులు కక్కే డ్రాగన్, ఇంకేం కావాలి. కానీ వీరత్వం అంటే ఏంటి, మంచికీ చెడుకీ అసలు గొడవ ఎక్కడ జరుగుతుంది అనే ప్రశ్న పట్టుకుని చదివితే మాత్రం నా ఓటు మాల్డన్ యుద్ధం అనే చిన్న పద్యానికే, మొదలూ చివరా పోయి 325 పాదాలే మిగిలింది అది. బియోవుల్ఫ్ ఫ్యాన్స్ కాస్త ఓపిక పట్టండి, కావ్యంగా అదే గొప్పది అని నేనూ ఒప్పుకుంటా.

ముందు బియోవుల్ఫ్ సంగతి. ఇంగ్లీషు కావ్యమే అయినా కథంతా డెన్మార్క్, స్వీడన్ వైపు జరుగుతుంది. డేన్ల రాజు హ్రోత్‌గార్ హియొరోట్ అని పెద్ద సభాభవనం కట్టుకుంటే గ్రెండెల్ అనేవాడు పన్నెండేళ్లు రాత్రిపూట వచ్చి జనాన్ని పట్టుకు తింటుంటాడు. వాడు బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను వంశం వాడని కవి ముందే చెప్పేస్తాడు కాబట్టి చెడు ఎటుందో అనే డౌటే రాదు. మన రాక్షసులకి వరాలున్నట్టు వీడికి కత్తులు తగలకుండా మంత్రం కూడా ఉంటుంది. గీట్ల దేశం (ఇప్పటి స్వీడన్ దక్షిణ భాగం) నుంచి సముద్రం దాటి వచ్చిన బియోవుల్ఫ్, వాడికి ఆయుధాలు వాడటం తెలీదు కాబట్టి నేనూ వాడను అని ఒట్టి చేతుల్తో పడుకుని కాచుకుంటాడు. తలుపు బద్దలు కొట్టుకుని వచ్చిన గ్రెండెల్ ఒకణ్ణి అక్కడే నమిలి తినేసి రెండోవాడి మీద చెయ్యి వేస్తే, ఆ రెండోవాడే బియోవుల్ఫ్, ముప్పైమంది బలం ఉన్న పట్టు. బెంచీలు విరుగుతాయి, గోడలు అదురుతాయి, భుజం కీలు ఊడి చెయ్యి మొత్తం వీడి దగ్గరే ఉండిపోతుంది. తెల్లారాక దాన్ని సభాభవనం కప్పు కింద పెడితే జనం గోళ్లు చూట్టానికి వస్తారు, ఉక్కులా ఉన్నాయట. సూపర్ సీన్, కాదనను.

కానీ మర్నాడు రాత్రి గ్రెండెల్ తల్లి వస్తుంది చూడండి, నాకు కథ అక్కడ ఇంట్రెస్టింగ్ అవుతుంది. కొడుకు చచ్చాడు, బదులుగా రాజుకి ఇష్టమైన మంత్రి ఆష్‌హెరెని చంపి ఎత్తుకుపోతుంది. ఆ సమాజంలో సొంతవాళ్లని ఎవరైనా చంపితే పగ తీర్చుకోవడమో, రక్తధనం (చంపినవాళ్లు కట్టే పరిహారం) పుచ్చుకోవడమో చెయ్యాలి, పరువున్న ప్రతివాడూ చేసేది అదే, మరి ఆమె చేసింది కూడా అదే కదా! కవి ఆమెని రాక్షసిగానే ఉంచుతాడు గానీ పగతో వచ్చిందని పదే పదే అంటాడు, అంటే ఆయనకీ ఎక్కడో గుచ్చుకుందనే నాకు అనిపిస్తుంది. డ్రాగన్ కూడా అంతే, మూడొందల ఏళ్లు నిధి మీద పడుకున్న దాన్ని లేపింది ఆ నిధిలోంచి పానపాత్ర దొంగిలించినవాడెవడో.

ఇప్పుడు మాల్డన్. ఇక్కడ రాక్షసులూ లేరు మంత్రాలూ లేవు, 991 ఆగస్టులో ఇంగ్లండ్ తూర్పు తీరాన ఎసెక్స్‌లో బ్లాక్‌వాటర్ నది దగ్గర నిజంగా జరిగిన యుద్ధం. వైకింగులు, అంటే ఉత్తరాది సముద్రపు దోపిడీదార్లు, ఓడల్లో వచ్చి బంగారం ఇస్తే పోతాం అంటారు, ఎసెక్స్ పాలకుడు బిర్త్‌నోత్, తలనెరిసిన మనిషి, కప్పంగా ఈటెలూ కత్తులూ ఇస్తాం పట్టుకెళ్లండి అని జవాబు పంపిస్తాడు. వాళ్లు దిగిన దీవికీ ఒడ్డుకీ మధ్య సన్నటి దారి, ఆటుపోటుల్ని బట్టి తేలుతుంది మునుగుతుంది. బిర్త్‌నోత్ మనిషి వుల్ఫ్‌స్టాన్ ఇంకో ఇద్దరితో ఆ దారికి అడ్డంగా నిలబడితే శత్రువు ఒక్క అడుగు వెయ్యలేకపోతాడు. అప్పుడు వైకింగులు, మమ్మల్ని దాటనివ్వండి, సమానంగా కొట్టుకుందాం అని అడిగితే ఈయన సరే అంటాడు. కవి మొహమాటపడకుండా రాసేశాడు, పొగరు వల్ల శత్రువుకి ఎక్కువ నేల ఇచ్చాడు అని.

ఇక్కడ బిర్త్‌నోత్‌ని వెనకేసుకొచ్చేవాళ్లూ ఉన్నారు. దాటనివ్వకపోతే వాళ్లు ఓడలెక్కి ఇంకో ఊరు దోచుకునేవాళ్లు, అప్పటికే ఇప్స్‌విచ్ కొల్లగొట్టి వచ్చారు, ఇక్కడే తేల్చుకోవడం బెటర్ అనుకున్నాడేమో అని. పాయింట్ ఉంది, కానీ పద్యంలో ఆ మాట లేదు, పద్యంలో ఉన్నది పొగరే.

సరిగ్గా ఇదే తప్పు బియోవుల్ఫ్ కూడా ముసలితనంలో చేస్తాడు, దీన్ని చాలామంది గమనించరు. గీట్ల రాజుగా యాభై ఏళ్లు రాజ్యం చేసినవాడు, కొడుకు లేడు, అయినా డ్రాగన్ మీదికి నేనొక్కణ్ణే పోతా, మీ పని కాదు ఇది అంటాడు. వద్దని చెప్పినా వినలేదని, ఒక్కడి పట్టుదల వల్ల చాలామంది కష్టపడాల్సి వస్తుందని తర్వాత ఆయన వెంట వచ్చిన కుర్ర యోధుడు విగ్లాఫ్ అంటాడు. డ్రాగన్ చచ్చింది, రాజూ చచ్చాడు, ఇక పక్కనే ఉన్న స్వీడ్లు వచ్చి గీట్ల మీద పడతారని దూత చెప్పేస్తాడు, నిధి మళ్లీ మట్టిలోకే. ఇద్దరు నాయకుల్లో ఎవరిది క్షమించదగ్గ తప్పు అంటే నేను బియోవుల్ఫ్‌దే అంటా, డ్రాగన్ ఆయన ఇల్లు తగలబెట్టింది, ఆయనకి పోరాడక తప్పదు, ఒంటరిగా పోవడం ఒక్కటే అతి. బిర్త్‌నోత్ చేతిలో గెలిచే ఆట ఉంది, ఎదుటివాడికి ఇచ్చేశాడు.

మరి నా ఓటు మాల్డన్‌కి ఎందుకంటారా? నాయకుడి కోసం కాదు, వెనక ఉన్నవాళ్ల కోసం.

బిర్త్‌నోత్ పడిపోయే ఘట్టం చూడండి. ఈటె దిగుతుంది, డాలుతో కొట్టి దాని కర్ర విరగ్గొడతాడు, ఇంకోటి దిగుతుంది, పక్కనే ఉన్న వుల్ఫ్‌మార్ అనే కుర్రాడు దాన్ని ఆయన ఒంట్లోంచి పీకి అదే ఈటెతో విసిరినవాణ్ణే కొడతాడు. తర్వాత ఒకడు ఉంగరాలూ కత్తీ లాక్కుందామని దగ్గరికొస్తే ఈయన కత్తి దూస్తాడు, చేతి మీద దెబ్బ పడి బంగారు పిడి కత్తి నేల మీద పడుతుంది. ఆయన చావగానే గోడ్రిక్ పారిపోతాడు, ఎన్నో గుర్రాలు బహుమతిగా పుచ్చుకున్న మనిషి, పైగా దొర గుర్రమే ఎక్కి పోతాడు, దూరం నుంచి చూసినవాళ్లు దొరే వెళ్లిపోతున్నాడు అనుకుని సైన్యం చెదిరిపోతుంది. వాడి తమ్ముళ్లిద్దరూ వాడితోపాటే. చెడు అంటే నాకు ఇది, గ్రెండెల్ కాదు. వైకింగుల్ని కూడా కవి పెద్దగా తిట్టడు, తోడేళ్లు అని వదిలేస్తాడు, చివరి మిగిలిన పాదాల్లో కూడా కవి మాట గోడ్రిక్ చుట్టూనే ఉంటుంది.

మిగిలినవాళ్లు గెలవలేమని తెలిసీ నిలబడతారు. దొర లేకుండా తిరిగెళ్తే స్టర్మెర్‌లో జనం నన్ను అంటారు, అలా కానివ్వను అంటాడు లియోఫ్‌సును. ఉత్తర ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా నుంచి బందీగా వచ్చిన కుర్రాడు, పోరాడాల్సిన అవసరమే లేనివాడు, బాణాలు వేస్తూనే ఉంటాడు. డన్నెరె అని మామూలు రైతు కూడా ఉంటాడు, వాడికీ కవి రెండు మాటలు ఇచ్చాడు. ముసలి బిర్త్‌వోల్డ్ అయితే, బలం తగ్గేకొద్దీ మనసు గట్టిపడాలి, నేను ఇక్కణ్ణించి కదలను అంటాడు. బియోవుల్ఫ్‌లో దీనికి సరితూగేది, డ్రాగన్ దగ్గర రాజుకి సాయంగా దూకిన విగ్లాఫ్ ఒక్కడే, వెంట వచ్చిన మిగిలిన పదిమంది అడవిలోకి పరుగు. అక్కడ ఒక్క మనిషి, ఇక్కడ దొర నుంచి రైతు దాకా ఒక వరస.

మూడోది కూడా చెప్పాలి, యూదితు అనే యూదు వీరవనిత మీద పద్యం, బియోవుల్ఫ్ ఉన్న రాతప్రతిలోనే ఉంటుంది. తాగి పడిపోయిన శత్రు సేనాపతి హోలోఫెర్నెసుని జుట్టు పట్టి లాగి రెండు వేట్లకి తల తీసి సంచీలో వేసుకుపోతుంది. దేవుడు ఇటు, దుర్మార్గుడు అటు, సందేహం పిసరంత కూడా లేదు. చదవడానికి జోరుగా ఉంటుంది గానీ తూచి చూసుకునేది ఏమీ ఉండదు, నాకు మూడో ప్లేసే.

ఒక విషయం, 1731లో లండన్‌లో ఆ రాతప్రతులున్న ఇంటికి నిప్పంటుకుని బియోవుల్ఫ్ అంచులు కాలాయి, మాల్డన్ ప్రతి పూర్తిగా బూడిదైంది, ముందే ఎవరో కాపీ రాసి పెట్టబట్టి మనకి దొరికింది. యుద్ధం ఫలితం కూడా చెప్పేస్తా, అదే ఏడాది ఇంగ్లండ్ వైకింగులకి 10,000 పౌన్ల కప్పం కట్టింది, బిర్త్‌నోత్ ఇవ్వనన్నది అదే. ఇది తెలిసి చదివితే బిర్త్‌వోల్డ్ మాట ఇంకా చేదుగా ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాల్డన్ ముందు చదవండి, అనువాదంలో అరగంట పని. బియోవుల్ఫ్ మొదలెట్టి మధ్యలో వదిలేసినవాళ్లయితే సుమారు 2200వ పాదం నుంచి, అంటే ముసలి రాజు, డ్రాగన్ దగ్గర్నుంచి అందుకోండి, గ్రెండెల్ కథ ఎలాగూ మీకు తెలిసిందే.