మూషిక జింక పెంపకం: హైదరాబాద్ జూకి ఎన్ని మార్కులు వేయొచ్చు?

జూ ఎలా ఉందంటే పులి కనబడిందా, సఫారీ బస్సు ఎంతసేపు తిప్పింది, నీడ, మంచినీళ్లు ఉన్నాయా అన్న మాటలే ఎక్కువ వినిపిస్తాయి. బహదూర్‌పురాలోని నెహ్రూ జూలాజికల్ పార్కుని ఇక్కడ ఇంకో లెక్కన చూద్దాం. మన నల్లమలలోనే బతుకుతూ, మనలో చాలామంది పేరు కూడా వినని ఒక చిన్న జంతువుకి ఈ జూ ఏం చేసింది?

మూషిక జింక అడుగు ఎత్తు, మూడు కిలోల అటూఇటూ బరువు. కొమ్ములుండవు. మగదానికి మాత్రం పై కోరలు రెండు పెదవి దాటి బయటికొస్తాయి. పొద్దుగూకాక పొదల్లోంచి వచ్చి రాలిన పళ్లు, లేత ఆకులు తింటుంది. ఏ జంతువుకి అంతరించే ముప్పు ఎంతో చెప్పే అంతర్జాతీయ జాబితాలో దీనిది ‘ఆందోళన లేదు’ అన్న వర్గం. దీనికి అసలు చిక్కు అక్కడే ఉంది. నిధులు, పరిశోధనలు, ఫొటోలు అన్నీ అంతరించిపోయే జాబితాలో ఉన్నవాటి చుట్టూ తిరుగుతాయి. ఈలోగా ఉచ్చులు, ఊరకుక్కలు ఒక్కో అడవిలో దీన్ని చప్పుడు లేకుండా ఖాళీ చేస్తుంటాయి.

2010లో జూ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్, దేశంలోని జూలను పర్యవేక్షించే సెంట్రల్ జూ అథారిటీ కలిసి పెంపకం మొదలుపెట్టాయి. మొదట ఉన్నవి నాలుగు ఆడవి, రెండు మగవి. ఇప్పటికి సంఖ్య వందల్లోకి వెళ్లింది. ఇంత పెరగడానికి కారణం మంచి మేత ఒక్కటే కాదు. ఈనిన నాలుగు నుంచి ఆరు గంటల్లోపే తల్లి మళ్లీ ఎదకొచ్చి జతకడుతుందని ఈ పెంపకంలో తేలింది. మామూలుగా జూల్లో ఈనే ముందు మగదాన్ని వేరు చేస్తారు, పిల్లకి దెబ్బ తగలకూడదని. ఇక్కడ అలా చేస్తే ఆ ఆరు గంటలూ పోతాయి, ఆ ఏడాది రావాల్సిన ఇంకో పిల్లా పోవచ్చు. చూలు ఐదు నెలల పైచిలుకు కాబట్టి అన్నీ కుదిరితే ఏడాదికి రెండు ఈతలు సాధ్యం. చూలు నిలిచిందా లేదా అన్నది కూడా రక్తం తీయకుండా, పొద్దున్నే దొడ్డిలో ఏరిన పెంటికల్లోని హార్మోన్లు కొలిచి చెప్పగలుగుతున్నారు. పట్టుకుంటేనే ప్రాణం మీదికి తెచ్చుకునే జంతువుకి ఈ పద్ధతి పెద్ద మేలు.

ఈ మాట ఊరికే అనడం లేదు. తరిమి పట్టుకుంటే భయానికి కండరాలు లోపల దెబ్బతింటాయి. అప్పటికి బాగానే ఉన్నట్టు కనబడినా, కొన్ని గంటలకో రెండు మూడు రోజులకో చనిపోతుంది. అందుకే ఏ జూ అయినా ఈ పెంపకం చేపడితే ముందు దొడ్డి సంగతి చూసుకోవాలి. బెదిరితే నేరుగా జాలీకి గుద్దుకుంటుంది కనుక కింది మూడు అడుగులూ గోనెపట్టాతోనో తడకతోనో మూసేయాలి. జాలీని నేలలోకి పాతాలి, పైన కూడా కప్పాలి. లేకపోతే కొండచిలువ, ముంగిస, పిల్లి లోపలికి దూరతాయి. దొడ్డి నిండా దట్టమైన పొదలు, బోలు దుంగలు ఉండాలి. మగవాటిని ఒకే చోట వదిలితే కోరలతో చీరేసుకుంటాయి. తరలించేటప్పుడు ఒక్కోదానికి ఒక్కో పెట్టె, చీకటిగా, ఎగరడానికి చోటు లేనంత చిన్నది ఉండాలి.

మార్కు తగ్గేది రక్తసంబంధాల దగ్గర. ఆ ఆరింటినే మూలంగా తీసుకుంటే, రెండు మగవీ సమానంగా పిల్లల్ని కన్నా జన్యు వైవిధ్యం లెక్కలో ఆ ఆరూ 5.3 జంతువులకి మించి సమానం కావు (4ని మగవాటి సంఖ్య 2తో, ఆడవాటి సంఖ్య 4తో గుణించి, మొత్తం 6తో భాగిస్తే వచ్చేది). మొదటి తరంలోనే దాదాపు 9 శాతం వైవిధ్యం పోతుంది. ఒక్క మగదే అన్నిటితోనూ జతకట్టిందనుకుంటే విలువ 3.2, నష్టం 15 శాతం పైన. తర్వాత వందలైనా ఆ పోయింది తిరిగిరాదు. దీనికి మందు రెండే: ఏ పిల్ల ఎవరి పిల్లో రాసే వంశావళి పుస్తకం, అప్పుడప్పుడు వేరే అడవి నుంచి కొత్త రక్తం. సంఖ్య కంటే ఈ పుస్తకం ఎంత పక్కాగా ఉందన్నదే పెంపకం నాణ్యత చెబుతుంది.

2017లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వీటిని వదలడం మొదలైంది. ముందు కంచె వేసిన అడవి ముక్కలో అలవాటు చేసి తర్వాత బయటికి పంపే పద్ధతి ఎంచుకున్నారు. ఇది సరైన దారి. జూలో పుట్టినదానికి చిరుత వాసన తెలియదు, ఏ పండు ఎప్పుడు రాలుతుందో తెలియదు. వదిలాక వెతకడం మాత్రం కష్టం. ఎక్కడుందో తెలియడానికి మెడకి వేసే రేడియో కాలర్ మూడు కిలోల జంతువుకి దాని ఒంటి బరువులో 3 శాతం, అంటే 90 గ్రాములు దాటకూడదు. అంత చిన్న దానిలో బ్యాటరీ ఎక్కువకాలం రాదు. పులుల కోసం మోకాలెత్తున కట్టిన కెమెరాల కింద నుంచి ఇది దగ్గరగా పోతే ఫొటో పడదు. 20 సెంటీమీటర్ల ఎత్తుకి దించాలి. ఎన్ని వదిలారన్నది సగం లెక్కే. అక్కడే పుట్టిన పిల్లలు ఎన్ని కనబడ్డాయన్నది మిగతా సగం.

టికెట్ కొని వెళ్లేవారికి ఒక మాట. పెంపకం దొడ్లు సందర్శకుల దారికి దూరంగా ఉంటాయి, ఉండాలి కూడా. కానీ ఇంత మంచి పని జనానికి కనబడకపోవడం నష్టమే. దొడ్డిలోని కెమెరా దృశ్యాన్ని బయట ఒక తెరమీద చూపితే, పక్కనే అడవిలో దొరికిన ఉచ్చు ఒకటి పెడితే, పిల్లలకి పులి ఎంత గుర్తుంటుందో ఇదీ అంత గుర్తుంటుంది. ప్రస్తుతానికి మన చిన్న జంతువుల కోసం రాత్రిపూట తిరిగే జంతువులుండే నిశాచర జంతుశాలకి వెళ్లండి. సోమవారం జూకి సెలవు. ఆదివారం రద్దీ ఎక్కువ, పనిదినం పొద్దున్నే మేలు. లోపల పగలు చీకటి, రాత్రి వెలుతురు. గుమ్మం దాటగానే నడిచేయకుండా ఐదారు నిమిషాలు ఆగితే దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్) కొమ్మ మీద ఒక్కో చెయ్యి మార్చుతూ కదలడం కనబడుతుంది. ఫోన్ ఫ్లాష్ పూర్తిగా ఆపేయాలి. దాని కంటికి అది దెబ్బే.

పెంపకానికి పదికి తొమ్మిది. జనానికి చూపించడంలో ఐదు.

జంతువుల దత్తత పథకం కింద మేత ఖర్చు కట్టదలిచినవారు ఎక్కువగా పులినో ఏనుగునో అడుగుతారు. కార్యాలయంలో మూషిక జింక, దేవాంగ పిల్లి లాంటి మన చిన్న జంతువుల పేర్లు మీరే చెప్పి అడగండి. చిన్న జంతువు మేత ఖర్చు తక్కువ కనుక మామూలు కుటుంబం కూడా భరించగలదు.