పైగదికి నెట్: కరెంటు తీగ మేలా, లాన్ కేబుల్ మేలా?

మా రౌటర్ కింద హాల్లో ఉంటుంది, నా పనంతా డాబా మీద గదిలో. మధ్యలో స్లాబు. వైఫై మెట్ల మలుపు దాకా వచ్చి అక్కడే చతికిలపడుతుంది. కేబుల్ లాగాలంటే గోడ కొట్టాలి, రంగులు వేయించి ఏడాది కూడా కాలేదు. గోడలో ఎలాగూ కరెంటు తీగ ఉంది కదా అని పవర్‌లైన్ అడాప్టర్ల (కరెంటు తీగ మీదే నెట్ పంపే డబ్బాల) జత కొన్నాను.

ఒకటి రౌటర్ పక్కన, రెండోది పైగదిలో ప్లగ్గుకు పెట్టాలి. తీగలో 50 హెర్ట్జ్ కరెంటు పారుతుండగానే, దాని మీద 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య డేటా సిగ్నల్ ఎక్కుతుంది. కొత్త రకాల్లో 86 దాకా. డబ్బా మీద అచ్చేసిన వేగం మాత్రం నమ్మకండి, చేతికొచ్చేది అందులో సగం కూడా ఉండదు.

మొదటిరోజు లింకు లైటే వెలగలేదు. మాది త్రీ ఫేజ్ మీటరు. హాలు ఒక ఫేజ్ మీద, పైగది ఇంకో ఫేజ్ మీద ఉన్నాయట. ఎలక్ట్రీషియన్ రెండింటినీ ఒకే ఫేజ్‌కు మార్చాక లైటు వెలిగింది గానీ వేగం లేదు. అడాప్టర్‌ని స్పైక్ బస్టర్‌లో పెట్టడమే నా తప్పు, అది హై ఫ్రీక్వెన్సీని వడకట్టేస్తుంది. నేరుగా గోడ ప్లగ్గులో పెడితే కుదురుకుంది. ఇక మిక్సీ సంగతి. పొద్దున చట్నీ వేళకు వీడియో కాల్‌లో మా మేనేజర్ ముఖం గళ్లుగళ్లుగా మారిపోయేది. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్‌ల దగ్గర రేగే నిప్పురవ్వల గోల అదే తీగలోకి దిగుతుంది మరి.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మనాసస్ పట్టణం ఊరంతటికీ కరెంటు తీగల మీదే నెట్ ఇచ్చి, 2010లో ఆపేసింది. దాని గోల తమ సిగ్నళ్లకు అడ్డొస్తోందని హామ్ రేడియో వాళ్ల (సరదాకి సొంతంగా రేడియో నడిపేవాళ్ల) ఫిర్యాదులు కూడా ఉండేవి. మన ఏపీ ఫైబర్‌నెట్ కూడా వాడుకున్నది కరెంటు స్తంభాలనే. తీగ మాత్రం వేరే ఫైబర్.

మెష్ వైఫై (రెండుమూడు డబ్బాలు కలిసి ఇల్లంతా అందించే వైఫై) అయితే, మెట్ల దగ్గర ఒక డబ్బా పెట్టే వీలుంటే పర్వాలేదు.

నా ఓటు మాత్రం కేబుల్‌కే. క్యాట్6 రకం లాన్ కేబుల్ అయితే 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగం ఇస్తుంది. చివరికి బాల్కనీ పక్కనుంచి, బయటి గోడ వెంట పీవీసీ పైపులో వేయించాను. గోడ కొట్టే పనే పడలేదు. కరెంటు తీగలున్న పైపులోనే దూర్చేద్దామంటే మాత్రం ఒప్పుకోకండి, అది ప్రమాదం.

అడాప్టర్లు ఇప్పుడు గేటు కెమెరాకి పనికొస్తున్నాయి. చట్నీ వేళ అక్కడ బొమ్మ కాసేపు ఆగినా ఎవరికీ పట్టింపు లేదు.