రీఫ్ ట్యాంక్‌కు ఏది మేలు: రిఫ్యూజియమా, మీడియా బ్లాకులా, కార్బన్ డోసింగా?

రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ప్లాన్ చేసుకునేవాళ్లు చాలామంది సంప్‌లో, అంటే ఫిల్టర్ సామాను పెట్టే కింది తొట్టిలో, మిగిలిన ఖాళీ అర దగ్గరికొచ్చి ఆగిపోతారు. అందులో లైటు పెట్టి ఆల్గే, అంటే నాచు, పెంచాలా (రిఫ్యూజియం), సిరామిక్ బ్లాకులు పేర్చాలా (మీడియా బ్లాకులు), లేక ఏమీ పెట్టకుండా రోజూ కాస్త వెనిగర్ పోస్తే సరిపోతుందా (కార్బన్ డోసింగ్)? మూడింటినీ బయోలాజికల్ ఫిల్ట్రేషన్ అని ఒకే గాటన కట్టేస్తుంటారు. దాంతో ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకోవచ్చు అనిపిస్తుంది. నిజానికి మూడూ చేసే పనులు వేరు.

చేపలు వదిలే అమ్మోనియాను కొన్ని సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి, ఆ నైట్రైట్‌ను ఇంకొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. వాటికి కావాల్సింది ఆక్సిజన్, అతుక్కోవడానికి చోటు. ఇంతవరకు పెద్ద కష్టం లేదు, మంచి రాయి ఉంటే కొన్ని వారాల్లో ట్యాంక్ సైకిల్ అయిపోతుంది, అంటే ఆ సూక్ష్మజీవులు సరిపడా స్థిరపడతాయి. చిక్కంతా నైట్రేట్ దగ్గర మొదలవుతుంది. అది ట్యాంక్ వదిలి వెళ్లడానికి దారులు మూడే. ఆక్సిజన్ అందని చోట బ్యాక్టీరియా దాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చాలి, లేదా ఏదో ఒక ప్రాణి ఒంట్లో చేరి, ఆ ప్రాణిని మనం బయటికి తీయాలి, లేదా నీళ్లు మార్చాలి. చేపల తిండితో వచ్చే ఫాస్ఫేట్‌కు ఆ వాయువు దారి కూడా లేదు. కాబట్టి ఏ ఫిల్టర్ గురించి ఎవరు చెప్పినా నేను అడిగేది ఒక్కటే: నైట్రేట్, ఫాస్ఫేట్ చివరికి ఎటు పోతున్నాయి?

మీడియా బ్లాకుల విషయంలో జవాబు తొందరగానే తేలిపోతుంది. డబ్బా మీద ఉపరితల విస్తీర్ణం గురించి ఎంత గొప్పగా రాసినా, బ్యాక్టీరియా సంఖ్యను నిర్ణయించేది వాటికి దొరికే తిండి. ట్యాంక్‌లో సరిపడా లైవ్ రాక్ (బ్యాక్టీరియా కాపురమున్న రంధ్రాల రాయి) ఉండి అమ్మోనియా సున్నా చూపిస్తుంటే, బ్లాకులు పెట్టినందువల్ల సున్నా కంటే తగ్గేదేమీ ఉండదు. లోతైన రంధ్రాల్లో ఆక్సిజన్ తగ్గి కొంత నైట్రేట్ వాయువుగా మారే మాట నిజమే. అయితే అది నెమ్మదిగా జరుగుతుంది, ఎంత జరుగుతుందో ముందే లెక్క వేసుకోలేం. రంధ్రాలు మట్టితో పూడుకుపోతే అది కూడా తగ్గిపోతుంది. ఫాస్ఫేట్ మాత్రం ఎక్కడిదక్కడే. పాత కాలపు బయోబాల్స్ (బ్యాక్టీరియా అతుక్కునే ప్లాస్టిక్ బంతులు) ఫిల్టర్‌ను రీఫ్ మనుషులు వదిలేసి, లైవ్ రాక్, స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి తీసే పరికరం) వాడే బెర్లిన్ పద్ధతికి మారడానికి కారణం ఇదే. బయోబాల్స్ అమ్మోనియాను బ్రహ్మాండంగా నైట్రేట్ చేస్తాయి, ఆ నైట్రేట్ ట్యాంక్‌లోనే పేరుకుంటూ పోతుంది.

బ్లాకులు పనికొచ్చే సందర్భాలు లేకపోలేదు. చూడ్డానికి బాగుంటుందని రెండు మూడు రాళ్లతోనే అలంకరించిన ట్యాంక్‌కు, అడుగున ఇసుక లేని ట్యాంక్‌కు, కొత్త చేపల్ని విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంక్‌కు అవి పెట్టుకోండి. మిగతావాళ్లకు అనవసరం.

రిఫ్యూజియం కథ వేరు. ఇక్కడ నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ ఆల్గే ఒంట్లో చేరతాయి, మనం ఆల్గేను కోసి పారేసిన రోజున ట్యాంక్ వదిలి వెళ్తాయి. కోయకపోతే వెళ్లవు. కిక్కిరిసిపోయిన ఆల్గే ముద్దలో వెలుతురు అందని లోపలి భాగం కుళ్లి, తీసుకున్నదంతా తిరిగి నీళ్లకే ఇచ్చేస్తుంది. ఎంత కోస్తే ఎంత పోతుందో ఒక చిన్న లెక్క వేద్దాం. 200 లీటర్ల నీళ్లలో నైట్రేట్ 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) ఉందంటే మొత్తం 2 గ్రాముల నైట్రేట్, అందులో నైట్రోజన్ దాదాపు 0.45 గ్రాములు. ఆల్గే తడి బరువులో పదో వంతు ఎండు పదార్థమనీ, ఆ ఎండు పదార్థంలో 3 శాతం నైట్రోజన్ అనీ అనుకుంటే, 150 గ్రాముల తడి ఆల్గే తీస్తే ఆ నైట్రోజన్ అంతా బయటికి పోయినట్టే. అంటే నీళ్లు పిండేశాక చేతికి వచ్చే ఓ మంచి ముద్ద. చేపలకు రోజూ తిండి వేస్తూనే ఉంటాం కాబట్టి ఈ కోత కూడా ఆగకుండా సాగుతుండాలి.

ఏ ఆల్గే పెంచాలన్నదానికి ఖీటోమార్ఫా అని కళ్లు మూసుకుని చెబుతాను. నైలాన్ పీచు ఉండలా ఉంటుంది, రాళ్లకు అంటుకోదు, ఎత్తి సగం తుంచేస్తే సరిపోతుంది. కలర్పా ఇంకా వేగంగా పెరుగుతుంది, చూడ్డానికి అందంగా కూడా ఉంటుంది. కానీ అది ఒక్కోసారి రాత్రికి రాత్రే తెల్లబడి, కణాల్లో ఉన్నదంతా నీళ్లలోకి వదిలేస్తుంది. ఇంకో టెన్షన్ కూడా ఉంది. 1984లో మొనాకో తీరంలో కనిపించిన కలర్పా టాక్సిఫోలియా మధ్యధరా సముద్రంలో ఎంతలా పాకిపోయిందంటే, ఆ తర్వాత కొన్ని దేశాలు దాన్ని పెంచడాన్నే నిషేధించాయి. ఏ ఆల్గే అయినా సరే, కోసిన దాన్ని కాలువలోనో సముద్రంలోనో వేయకండి. బాగా ఎండబెట్టి చెత్తలో పడేయండి.

రిఫ్యూజియంలో నీళ్లు చాలా నెమ్మదిగా కదలాలని పాత సలహా ఒకటి ఉంది. నేను ఒప్పుకోను. నీళ్లు నిలబడితే మట్టి పేరుకుంటుంది, ఆల్గే చుట్టూ పోషకాలు అయిపోయిన నీటి పొర అలాగే ఉండిపోతుంది. ఖీటో ఉండ మెల్లగా దొర్లుతూ ఉండేంత ప్రవాహం కావాలి, అప్పుడు అన్ని వైపులకూ వెలుతురు కూడా తగులుతుంది. లైటు విషయంలో పిసినారితనం వద్దు. ఎరుపు, నీలం కలిసిన మొక్కల ఎల్ఈడీ గానీ, గట్టి వార్మ్ వైట్ గానీ పెట్టండి. దాన్ని పై ట్యాంక్ చీకటిగా ఉండే గంటల్లో వెలిగిస్తే ఇంకో లాభం ఉంది. రాత్రిపూట అన్ని జీవాలూ కార్బన్ డయాక్సైడ్ వదలడంతో పీహెచ్ పడిపోతుంది. ఆ సమయంలో ఆల్గే దాన్ని లాగేసుకుంటే పడిపోవడం తగ్గుతుంది. గది తలుపులన్నీ మూసి ఉండి గాలిలోనే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటే మాత్రం దీనిమీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఇక పాడ్ల సంగతి, అంటే రొయ్యల జాతి చిన్న చిన్న జీవుల సంగతి. కోపిపాడ్లు, ఆంఫిపాడ్లు చేపల నోటికి దొరక్కుండా పెరగడానికి రిఫ్యూజియం నిజంగానే ఆశ్రయం, ఆ లాభం బ్లాకుల్లోనూ డోసింగ్‌లోనూ లేదు. అయితే చిన్న రిఫ్యూజియం ఉంది కదా అని మాండరిన్ చేపను తెచ్చుకోవద్దు. అది పొద్దస్తమానం పాడ్లను ఏరుకు తింటూనే ఉంటుంది. మీ అరలో పుట్టేవి దానికి చాలవు.

రిఫ్యూజియానికి లోపాలూ ఉన్నాయి. చోటు తింటుంది. ఇనుము, మాంగనీస్ లాంటివి కూడా లాగేస్తుంది, అందుకే ఖీటో పాలిపోతే ముందు ఇనుము వైపు చూడాలి. ఫాస్ఫేట్ విషయంలో ఇంకో మెలిక ఉంది. సముద్రపు ప్లాంక్టన్‌లో నైట్రోజన్, ఫాస్ఫరస్ పరమాణువుల నిష్పత్తి సుమారు 16:1, అడుగున పెరిగే ఆల్గేలో అది 30:1 దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఆల్గే నైట్రోజన్‌ను ఎక్కువ తింటుంది. చాలా ట్యాంకుల్లో ముందు నైట్రేట్ అడుగంటి, ఖీటో పెరగడం ఆగి, ఫాస్ఫేట్ అలాగే వేలాడుతూ ఉండటానికి ఇదొక కారణం. అప్పుడు ఇంకా పెద్ద లైటు కొనడం దండగ. కాస్త నైట్రేట్ డోస్ చేయడమో, చేపలకు తిండి పెంచడమో చేస్తే ఆల్గే మళ్లీ కదులుతుంది.

చోటు లేనివాళ్లకు ఆల్గే స్క్రబ్బర్ ఉంది. గరుకు జాలీ మీద నీళ్లు పారిస్తూ లైటు వేస్తే దానిమీద నాచు పెరుగుతుంది, వారానికోసారి గీకేయాలి. తక్కువ చోటులో ఎక్కువ పని చేస్తుంది, పాడ్లకు మాత్రం రిఫ్యూజియమంత వసతి ఉండదు.

కార్బన్ డోసింగ్‌లో ఆల్గే స్థానంలో బ్యాక్టీరియా ఉంటాయి. వెనిగర్ లేదా వోడ్కా పోస్తే వాటికి కార్బన్ దొరికి, నీళ్లలోని నైట్రేట్, ఫాస్ఫేట్ తింటూ పెరుగుతాయి. వాటిలో కొన్నింటిని స్కిమ్మర్ నురగతో పాటు బయటికి తీస్తుంది. మంచి స్కిమ్మర్ లేకపోతే ఈ పద్ధతి జోలికే వెళ్లకండి. చవక, చోటు అక్కర్లేదు, నైట్రేట్‌ను దించడంలో దీనికి సాటి లేదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. డోస్ తొందరగా పెంచితే నీళ్లు పాలలా మారి ఆక్సిజన్ పడిపోతుంది, రాత్రిపూట అది చేపల ప్రాణం మీదికి రావచ్చు. ఆల్గే అయితే తిండి తగ్గగానే తనే నెమ్మదిస్తుంది. డోసింగ్ పంపు మాత్రం నైట్రేట్ సున్నాకు చేరినా పోస్తూనే ఉంటుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయిన ట్యాంకుల్లో పగడాలు పాలిపోవడం, గోధుమ రంగు జిగురులా డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు రావడం తరచూ చూసేదే.

నా తీర్పు ఇది. సంప్‌లో చోటుంటే రిఫ్యూజియమే మేలు, కొత్తవాళ్లకైతే మరీను. తప్పు జరిగినా మెల్లగా జరుగుతుంది, కంటికి కనిపిస్తుంది. చేపలు ఎక్కువై, ఆల్గే బాగా పెరుగుతున్నా నైట్రేట్ 30, 40 దగ్గర తిష్ట వేస్తే అప్పుడు కార్బన్ డోసింగ్ జోడించండి. డ్రై రాక్‌తో (జీవం లేని ఎండు రాయితో) మొదలైన కొత్త ట్యాంక్‌లో మొదటి కొన్ని నెలలు ఈ మూడింటిలో ఏదీ తొందరపడి పెట్టకండి, నైట్రేట్, ఫాస్ఫేట్ కొలతకు అందేంతగా వచ్చాకే ఖీటో వేయండి.

రిఫ్యూజియం, కార్బన్ డోసింగ్ రెండూ కలిపి నడిపేటప్పుడు వారానికి రెండుసార్లు టెస్ట్ చేయండి. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం మధ్య, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే ఏదీ మార్చొద్దు. నైట్రేట్ 2 దాటి కిందికి జారుతుంటే ముందు వెనిగర్ తగ్గించండి, ఆ తర్వాతే రిఫ్యూజియం లైటు గంటలు.