రిజర్వ్ నియామకాల సాఫ్ట్‌వేర్: అంచనాలో దిట్ట, దూరం దగ్గర తడబాటు

అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో నియామకాల కోసం ఏ ప్రాంతంలో ఎందరు రిక్రూటర్లను ఉంచాలో లెక్కగట్టే ఒక సాఫ్ట్‌వేర్‌ను, బహిరంగంగా దొరికే జనాభా లెక్కలతో మూడు వారాలు నడిపి చూశాను. పూర్తికాల సైన్యంలో చేరినవారిని ఎక్కడికైనా పంపవచ్చు. రిజర్వ్ సైనికుడు మాత్రం ఉద్యోగమో చదువో సాగించుకుంటూనే నెలకొక వారాంతం, ఏడాదికి రెండు వారాలు శిక్షణకు రావాలి కనుక, అతనికి తగిన ఖాళీ ఇంటికి అందుబాటులోనే ఉండాలి. అందుబాటు అంటే సాధారణంగా 50 మైళ్లు లేదా గంటన్నర ప్రయాణం.

అంచనా వేసే భాగానికి వంక పెట్టలేను. జిప్ కోడ్‌ల (మన పిన్‌కోడ్ లాంటివి) వారీగా యువత సంఖ్య, నిరుద్యోగిత, రిక్రూటర్ల సంఖ్య ఇస్తే ఎందరు చేరవచ్చో చెప్పడమే కాక, ఆ అంకె ఎంత అటూఇటూ కావచ్చో కూడా చూపుతుంది. ఒకే హైస్కూలు చుట్టూ తిరిగే నాలుగో రిక్రూటర్‌కు మొదటివాడికి దొరికినంత మంది దొరకరన్న సంగతి కూడా దీనికి తెలుసు. కొత్తగా చేరేవారిలో 90 శాతం మందికి హైస్కూలు డిప్లొమా (పన్నెండో తరగతి పూర్తిచేసిన పట్టా) ఉండాలన్న రక్షణశాఖ ప్రమాణాన్ని షరతుగా పెట్టే వీలుంది.

చిక్కంతా దూరంతోనే. మేరీలాండ్‌లోని చెసాపీక్ బే అనే అఖాతానికి పడమటి ఒడ్డున ఉన్న యువకులను ఈ సాఫ్ట్‌వేర్ తూర్పు ఒడ్డున ఉన్న రిజర్వ్ కేంద్రానికి నిశ్చింతగా కేటాయించేసింది. పటం మీద గీసిన 50 మైళ్ల వలయంలో వాళ్లు ఉన్న మాట నిజమే కానీ, ఉత్తరాన అఖాతాన్ని దాటించే బే బ్రిడ్జి దాకా వెళ్లి చుట్టి రావలసినవాడికి గంటన్నర చాలదు. సహాయక విభాగాన్ని అడిగితే, రోడ్డు ప్రయాణ సమయాల పట్టికను మీరే తయారు చేసి ఎక్కించుకోవచ్చన్నారు. ఎక్కించాను; ఎంపికైన కేంద్రాలలో మూడు మారిపోయాయి. ఇంత ఖరీదైన సరుకుతో ఆ పట్టిక ముందే రావద్దా?

ఖాళీలను మొదటి రోజున ఉన్నట్టే స్థిరంగా ఉంచేయడం మరో లోపం. సంతకం చేసినవాడు శిక్షణ ముగించుకొని విభాగానికి చేరేసరికి నెలలు గడుస్తాయి, ఈలోగా పాత సైనికులు వెళ్లిపోతూనే ఉంటారు. ఇదివరకే సైన్యంలో పనిచేసి రిజర్వ్‌కు వచ్చేవారిని కొత్తవారితో కలిపేయడమూ సరికాదు, వాళ్లను వెతికే చోట్లే వేరు.

రోడ్డు పట్టిక తయారుచేసే మనిషి మీ బృందంలో ఉంటే దీన్ని తీసుకోవచ్చు. లేకపోతే అంచనా భాగం ఒక్కటే విడిగా ఇస్తారేమో అడగండి. నాకైతే ఇంకా జవాబు రాలేదు.