బేబెల్, సీ ఆఫ్ పాపీస్: ఏది ముందు చదవాలి?

భాష, అనువాదం, సామ్రాజ్యం కలిసిన నవల చెప్పమని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మాట చివరికి రెండు పుస్తకాల దగ్గరే ఆగుతుంది: ఆర్.ఎఫ్. క్వాంగ్ ‘బేబెల్’ (2022), అమితవ్ ఘోష్ ‘సీ ఆఫ్ పాపీస్’ (2008). రెండు కథల వెనకా ఉన్నది చైనా మీద బ్రిటన్ చేసిన మొదటి నల్లమందు యుద్ధమే.

చదివించే ఊపు ‘బేబెల్’దే. చైనాలోని కాంటన్‌లో కలరాకి తల్లిని పోగొట్టుకున్న పిల్లాణ్ణి ఒక ప్రొఫెసర్ ఇంగ్లండు తీసుకెళ్ళి, భాషలు నేర్పించి, ఆక్స్‌ఫర్డ్ అనువాద సంస్థలో చేరుస్తాడు. అనువాదంలో జారిపోయే అర్థమే అక్కడ వెండి కడ్డీల్లో శక్తిగా మారి సామ్రాజ్యాన్ని నడిపిస్తుంది. గొప్ప ఊహ. చదువు, స్టైపెండ్, ప్రాణమిచ్చే స్నేహితులు అన్నీ దొరికిన చోటే తను పుట్టిన దేశం మీద యుద్ధానికి సాయపడుతుంటే, ఆ ఉప్పు తిన్నవాడు ఏం చేయాలి? పైచదువులకి బయటికి వెళ్ళిన మనవాళ్ళకి ఇది గట్టిగా తగులుతుంది. కాకపోతే పాత్రలతో చెప్పించిన అభిప్రాయాన్నే రచయిత్రి ఫుట్‌నోట్‌లో మళ్ళీ చెబుతుంది. పాఠకుడు ఆలోచించుకోవడానికి ఏమీ మిగలదు.

నా వరకు తేల్చే విషయం ఒకటే: ఆ భాషలు ఎవరి నోట్లో బతుకుతున్నాయి? ‘బేబెల్’లో అవి పండితుల టవర్లో ఉంటాయి. ఘోష్ దగ్గర ఓడల్లో పనిచేసే లస్కర్ల కేకల్లో, భోజ్‌పురి ఆడవాళ్ళ పాటల్లో, దొరల ఖిచిడీ ఇంగ్లీషులో ఉంటాయి. కుప్పకూలిన మొగుణ్ణి తీసుకెళ్ళడానికి కథానాయిక దీతి గాజీపూర్ నల్లమందు ఫ్యాక్టరీలోకి వెళ్ళే ఘట్టం చూడండి. తొట్లలో నడుం లోతు నల్లమందులో దిగి, మత్తుకళ్ళతో దాన్ని తొక్కుతున్న మనుషులు కనిపిస్తారు. సామ్రాజ్యం అంటే ఏమిటో ఆ రెండు మూడు పేజీల్లో తెలిసిపోతుంది, ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. కథలో కూలీలు ఎక్కే ఓడ వెళ్ళేది మారిషస్‌కి. మన కోరంగి రేవు నుంచి కూలీలు వెళ్ళిందీ అక్కడికే. అందుకే నా ఓటు దీనికి.

మాయలు, మంత్రాలు ఉండి తీరాలంటే మాత్రం ‘బేబెల్’తోనే మొదలుపెట్టండి. క్వాంగ్‌దే ‘ది పాపీ వార్’ కూడా ఉంది గానీ అది యుద్ధం కథ, ఈ ప్రశ్నకి జవాబు కాదు.

‘సీ ఆఫ్ పాపీస్’ మూడు భాగాల్లో మొదటిది, కథ అందులో ముగియదు. ‘బేబెల్’ ఇప్పటికే చదివేసినవాళ్ళు రెండో భాగం ‘రివర్ ఆఫ్ స్మోక్’ (2011) వదలొద్దు. 1839లో చైనా అధికారి లిన్ జెషూ కాంటన్‌లో నల్లమందు స్వాధీనం చేసుకోవడం అందులో ఒక పార్సీ వ్యాపారి వైపు నుంచి కనిపిస్తుంది.