పీఈజీతో ప్రోటోప్లాస్టులకు వైరస్ ఎక్కించడం: నాలుగేళ్లు వాడాక

బెంథామియానా పొగాకు ఆకుల్లోంచి ప్రోటోప్లాస్టులు (ఎంజైముతో గోడ తీసేసిన కణాలు) తీసి, పీఈజీతో (పాలీఇథిలీన్ గ్లైకాల్, ఆర్ఎన్ఏ కణంలోకి పోయేలా చేసే రసాయనం) పొగాకు మొజాయిక్ వైరస్ ఆర్ఎన్ఏ ఎక్కించడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఎంజైము ఎంత, మానిటాల్ ఎంత అన్నవి ఏ ప్రోటోకాల్‌లోనైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నాకు ఈ పద్ధతంటే ప్రాణం, ఎందుకంటే కణాలన్నిటికీ వైరస్ ఒకేసారి అందుతుంది. ఆకు మీద రుద్దితే ఒక కణంలో వైరస్ ఇప్పుడే మొదలవుతుంది, పక్కదాంట్లో ఎప్పుడో నిండిపోయి ఉంటుంది, అంతా కలగాపులగం. ఇక్కడ ఆరో గంట నమూనా అంటే నిజంగా ఆరో గంటదే. 1969లో టకెబే, ఒత్సుకి పొగాకు ప్రోటోప్లాస్టులకు ఈ వైరస్‌నే సోకించి చూపించినప్పటి నుంచీ దీని విలువ అదే. జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) ఉన్న వైరస్ వేసిన మర్నాడు మైక్రోస్కోపులో క్లోరోప్లాస్టులు ఎర్రగా, వాటి సందుల్లో ఆకుపచ్చ వెలుగు కనిపిస్తే ఇప్పటికీ నాకు పండగే.

రెండో ఏడాది మాత్రం ఏడిపించింది. వందకి అరవై డెబ్బై వెలిగే కణాలు నాలుగైదుకి పడిపోయాయి, అలా ఆరు వారాలు. ఆర్ఎన్ఏ మీద అనుమానంతో జెల్ మీద నడిపితే బ్యాండు శుభ్రంగా ఉంది, అంటే ఆర్ఎన్ఏ చెడలేదు. పూత రాని లేత మొక్కలు తీసుకున్నా, కణాలు పగులుతున్నాయేమోనని పిపెట్ టిప్పుల చివరలు ఇంకాస్త పైకి కోసి చూశా, ఫలితం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఎఫ్‌డీఏ (బతికున్న కణాల్లోనే వెలిగే రంగు) వేసి చూస్తే కణాలు గుండ్రంగా, బతికే ఉన్నాయి, అంటే వైరస్ లోపలికే పోవడం లేదన్నమాట. అప్పుడు గుర్తొచ్చింది, పీఈజీ ద్రావణం ఎన్నో నెలల కిందట కలిపి ఫ్రిజ్‌లో పెట్టినది. పీహెచ్ చూస్తే బాగా దిగిపోయి ఉంది. ఆ రోజే పొడి తూచి కొత్తగా కలిపాను, మర్నాడు వెలుగు తిరిగొచ్చింది. అప్పట్నుంచి ఏ రోజుకారోజు కలుపుకోవడమే.

పైన కణాలన్నిటికీ అన్నాను గానీ, బాగా కుదిరిన రోజున కూడా మూడో వంతు చీకటిగానే ఉంటాయి. ఇంకొకటి, కణం నుంచి కణానికి వైరస్ ఎలా పాకుతుందో ఇందులో తెలియదు. మూవ్‌మెంట్ ప్రోటీన్ (వైరస్‌కి పక్క కణంలోకి దారి చేసేది) పాడైన వైరస్ కూడా ఇక్కడ చక్కగా పెరుగుతుంది, ఆకులో వేస్తే మొదటి కణం దాటదు. నేను చూసేది రెప్లికేషన్ (కణంలో వైరస్ తన నకళ్లు చేసుకోవడం) ఒక్కటే కాబట్టి నాకు సరిపోయింది. పైగా వారానికి రెండుసార్లు చేస్తాను గనక చేతికి అలవాటైపోయింది. నెలకో సారి చేసేవాళ్లకి ఇంత నిలకడగా వస్తుందో లేదో చెప్పలేను.